చేతులు కట్టుకోమన్న మాటల సారు

నా కుట్టు దుకాణానికి ఎదురుగా ఉన్న కరెంటు స్తంభానికి ఒక ఫ్లెక్సీ కట్టారు. పూలదండ బొమ్మ మధ్యలో ఆయన నవ్వుతున్నాడు. మాట రాని పిల్లల పాలిటి దేవుడు అని కన్నడంలో ఒకసారి, తెలుగులో ఒకసారి పెద్ద అక్షరాలతో వేయించారు. గాలి వీచినప్పుడల్లా ఫ్లెక్సీ ఉబ్బి ఆయన బుగ్గలు లావవుతున్నాయి. బతికి ఉండగా బక్కపలచని మనిషి. చచ్చిపోయాకే ఒళ్లు చేశాడు.

మనిషి పోయాక నాలుగు మంచి మాటలు చెప్పడం మర్యాద. ఆ నాలుగూ ఫ్లెక్సీ మీద ఉన్నాయి. మిగిలినవి నేను చెబుతాను.

నేను కథలు పెంచి చెబుతానని బీదరులో నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ప్రతి ఆడమనిషికీ తెలుసు. కోట బురుజు మీది ఫిరంగి ఒకసారి తుమ్మితే హుమ్నాబాద్‌లో లారీల అద్దాలు పగిలాయని ప్రచారం చేసింది నేనే. అయినా ఈయన విషయంలో కల్పించాల్సిన అవసరం నాకు పెద్దగా రాలేదు. ఒక్క మేకను తప్ప. దాని దగ్గరికి వస్తాను.

రోడ్డుకు అటుపక్క పిండిగిర్ని ఉంది. దాని మీది గదిలో ఆయన కేంద్రం. మాటలు రాని పిల్లలకు మాటలు తెప్పిస్తాడని అందరూ ఆయనను మాటల సారు అనేవాళ్లు. హైదరాబాదులో ఏదో చిన్న కోర్సు చేశానని చెప్పుకునేవాడు. అది ఏ కోర్సో ఎవరూ అడగలేదు. గోడకు ఒక మెదడు బొమ్మ, బల్ల మీద సోంపు డబ్బీ, కుర్చీ మీద పరుచుకోవడానికి తెల్లటి రుమాలు. ఆ రుమాలు పరవకుండా ఆయన ఎక్కడా కూర్చోడు. పిల్లల్ని ముట్టుకోడు. చొంగ అంటుతుందని భయం. పిల్లల మధ్య బతికే మనిషి పిల్లల్ని ముట్టుకోకుండా బతకడం చూస్తే, నీళ్లు తగలకుండా ఈదేవాడిని చూసినట్టు ఉండేది నాకు.

ఆయన పరీక్ష చూడాలి. పిల్లను నేల మీద కూర్చోబెట్టమనేవాడు. చిటికెడు సోంపు నోట్లో వేసుకుని, పిల్ల వెనక్కి వెళ్లి పేరు పెట్టి పిలిచేవాడు. తర్వాత ఒక చిటికె వేసేవాడు. సోంపు నమలడం అయ్యేసరికి తీర్పు తయారు. ఆ తీర్పును కన్నడంలో చెప్పేవాడు, సర్కారు మాటలా బరువుగా ఉండాలని. ఓదార్పు ఉర్దూలో. 'ఫికర్ నక్కో కరో అమ్మా', దిగులు పడకమ్మా అని ఎంత మెత్తగా అనేవాడంటే, ఏడుస్తున్న తల్లి కూడా ఏడుపు ఆపి ఆయన ముఖం చూసేది. తప్పు ఎవరిదో చెప్పేటప్పుడు మాత్రం ఎదుటివాళ్ల ఇంటి భాషలోకి దిగేవాడు. మావాళ్లకైతే తెలుగులో. తిట్టు ఏ భాషలో లోపలిదాకా దిగుతుందో ఆయనకు బాగా తెలుసు.

మా చెల్లెలు సుశీలను మంగళగిలో వ్యవసాయదారుల ఇంటికి ఇచ్చాం. వాళ్ల బిడ్డ మల్లికకు మూడేళ్లు దాటినా ఒక్క మాట రాలేదు. మా వైపు ఇలాంటిదానికి ఒక జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఇంట్లో తెలుగు, అంగన్‌వాడీలో కన్నడం, పక్కింట్లో ఉర్దూ, సంతలో మరాఠీ. పిల్ల ఏ భాష పట్టుకోవాలో తేల్చుకోలేక ఆగింది, తేలిందంటే నాలుగూ ఒకేసారి మాట్లాడుతుంది అంటారు. సుశీల అత్త ఆ నమ్మకంతోనే రెండు పంటలు కోసింది.

నిజానికి ఆ పిల్ల నోటితో మాట్లాడలేదన్నమాటే గానీ చెప్పని సంగతి లేదు. తల మీద రెండు వేళ్లు పెడితే బర్రె. మూతి పక్కన వేలు మెలితిప్పితే నాన్న. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే నేను. ఆకాశంలో గాలిపటం కనిపిస్తే వేలితో చూపించి, మనం కూడా చూశామా లేదా అని వెనక్కి తిరిగి మన ముఖం వంక చూసేది. అలా తిరిగి చూడడం ఎంత పెద్ద సంగతో అప్పుడు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలియాల్సినవాడు రోడ్డు అవతల సోంపు నములుతూ కూర్చున్నాడు.

సుశీల మొగుడే అడిగి, కనుక్కుని, ఆ మెట్లెక్కించాడు. నేనూ వెంట వెళ్లాను. మల్లికను నేల మీద కూర్చోబెట్టారు. సారు పిలిచాడు. పలకలేదు. చిటికె వేశాడు. తిరగలేదు. సరిగ్గా అప్పుడే కింద గిర్ని మొదలైంది. పాతకాలపు ఇల్లు కదా, నేలంతా సన్నగా అదిరింది. మల్లిక రెండు అరచేతులూ నేలకు ఆనించి, మెట్లవైపు చూసి, తల్లిని చూసి నవ్వింది.

"చూసినవామ్మా," అన్నాడు సారు. "గిర్ని సప్పుడు ఇనబడ్డది. మరి నా పిలుపు ఇనబడలేదా? ఇనబడ్డది. పలుకబుద్ధి కాలె, అంతే."

వెంటనే కన్నడంలోకి మారాడు. "కివి చెన్నాగిదె. ఈ మగువిగె ఆటిజం ఇదె." చెవులు బాగున్నాయి, పిల్లకు ఆటిజం ఉంది అని.

"చెవులు ఒకపారి మిషను మీద చూపిద్దామా సార్?" అని సుశీల భయంభయంగా అడిగింది.

సోంపు నమలడం ఆగింది. ఇక తెలుగు వచ్చింది. "మిషనెందుకు? తల్లివి నువ్వేం చేస్తున్నవ్? పొద్దుగాల చేన్ల, మాపటికి పొయ్యికాడ. పిల్లను ఎత్తుకున్నవా? ముద్దు చేసినవా? తల్లి ప్రేమ తక్కువైతె పిల్లలు గిట్లనే లోపటికి పోతరు."

పక్కన సుశీల అత్త ఉంది. ఆ మాట ఆమె చెవిలో పడింది. అక్కడి నుంచి మంగళగికి బస్సులో వెళ్లింది.

పోయేముందు ఆయన వైద్యం చెప్పాడు. "ఇయ్యాల్టి సంది ఇంట్ల సైగలు బంద్. పిల్ల సైగ చేస్తె అడిగింది ఇయ్యొద్దు, నోరు తెరిస్తెనే ఇయ్యాలె. మీరు గూడ చేతులు కట్టుకొనే మాట్లాడుండ్రి. చేతులు ఆడినన్ని దినాలు నోరు ఆడది."

నేను ఆ రోజుల్లో మంగళగి వెళితే ఆ ఇల్లు చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సుశీల రెండు చేతులూ కొంగులో చుట్టుకుని తిరుగుతోంది. అత్త చేతులు వెనక్కి కట్టుకుని పోలీసులా వాకిట్లో నిలబడింది. మొగుడు బీడీ కోసం కూడా చెయ్యి చాపడం లేదు. మల్లిక నీళ్ల కోసం బొటనవేలు నోటికి చూపించింది. అందరూ ఆమె ముందు నిలబడి నోళ్లు పెద్దగా తెరిచి 'నీళ్లు, నీళ్లు' అంటున్నారు. గ్లాసు మాత్రం ఎవరూ ఇవ్వడం లేదు.

పిల్ల మొదట్లో కాళ్లు నేలకేసి కొట్టి ఏడ్చింది. తర్వాత తల గోడకు కొట్టుకుంది. ఆ తర్వాత అడగడమే మానేసింది. గాలిపటాలు చూపించడం మానేసింది. మా ముఖాల వంక చూడడం మానేసి మూలకు కూర్చుంది. ఆయన చెప్పిన జబ్బు ఎలా ఉంటుందన్నాడో అలాగే తయారైంది. తీసుకెళ్లి చూపిస్తే, "నేను చెప్పలేదా," అన్నాడు సారు, తన చేతిపని చూసుకుని మురిసిపోయే కంసాలిలా.

మంగళగిలో సుశీలకు పేరు పడింది. నీళ్ల కాడ, చేను గట్ల మీద, పెళ్లిళ్లలో, ప్రేమలేని తల్లి అని. అత్త ఆ మాటను రోజూ ఒకసారైనా అనకుండా పొయ్యి ముట్టించేది కాదు.

అసలు సంగతి బయటపడింది నులకమంచం వల్ల. మల్లిక మంచం మీద కూర్చుని దూలానికి వేలాడే ఉల్లిగడ్డల గుత్తిని చూస్తోంది. వెనక నుంచి వస్తున్న సుశీల చేతిలోంచి స్టీలు పళ్లేల దొంతర జారిపోయింది. ఆ చప్పుడుకు పెంకుల మీద కోళ్లు ఎగిరిపోయాయి. మంచం మీద పిల్ల రెప్ప కూడా వేయలేదు.  సుశీల పిల్లను దించి నేల మీద కూర్చోబెట్టి, వెనక్కి వెళ్లి రోకలితో నేలను ఒక్క పోటు పొడిచింది. మల్లిక గిర్రున తిరిగింది. మళ్లీ మంచం ఎక్కించి పళ్లెం కొడితే ఉలుకూ పలుకూ లేదు.

ఆ పూట బస్సుకే నా దుకాణానికి వచ్చింది. చెప్పులు విప్పకుండానే అంది: "అక్కా, అది సప్పుడు ఇంటలేదు. నేల కదులుడు ఇంటాంది."

హైదరాబాదు ఆసుపత్రిలో పిల్లను నిద్రపుచ్చి, తలకు వైర్లు అంటించి పరీక్ష చేశారు. రెండు చెవులూ దాదాపుగా వినబడవని తేలింది. పుట్టినప్పటి నుంచీ అంతే. అక్కడి డాక్టరమ్మ మల్లికతో నేల మీద కూర్చుని చాలాసేపు ఆడింది. మొదటిసారి డాక్టరనే మనిషి మా పిల్లను ముట్టుకోవడం చూశాం.

"పిలిస్తే పలకలేదని ఒక్కటి చూసి ఏ పేరూ పెట్టకూడదమ్మా," అంది ఆమె. "చెవుడు ఉన్న పిల్ల పలకదు. ఆటిజం ఉన్న పిల్లా పలకకపోవచ్చు. మాట ఆలస్యమైన పిల్లా, బుద్ధి నెమ్మదిగా ఎదిగే పిల్లా పలకకపోవచ్చు. బయటికి అన్నీ ఒక్కలాగే ఉంటాయి. అందుకే ముందు చెవులు చూడాలి. ఆ తర్వాత పిల్ల మనతో ఎలా ఆడుతుంది, తను చూసింది మనకు చూపిస్తుందా, సైగలు చేస్తుందా, ఒకే పనిని పట్టుకుని వదలకుండా ఉంటుందా, ఇవన్నీ ఓపిగ్గా చూడాలి. చెవుడూ ఆటిజం రెండూ ఉన్న పిల్లలు కూడా వస్తారు. మీ పాప నా కళ్లు చూస్తోంది, నా నోరు చూస్తోంది, బొమ్మను నాకిచ్చి నవ్వుతోంది. ఈ పాపకు ఆటిజం లేదు. మరి సైగలు ఎందుకు మానేసింది?"

మేం చెప్పాం. డాక్టరమ్మ చేతిలోని బొమ్మను కింద పెట్టింది. "సైగలు ఏ పిల్లకూ ఆపకూడదు," అని మాత్రం అంది. సుశీల కొంగులోంచి చేతులు బయటికి తీసి వాటి వంక చూసుకుంది.

ఆటిజం అనే మాట మీద నాకు పగ లేదు. అది తిట్టు కాదు. మాటల సారు కేంద్రంలో మేం కూర్చున్న బెంచీ మీదే హుమ్నాబాద్ నుంచి వచ్చిన ఒకామె తన కొడుకుతో కూర్చునేది. ఆమె నా దగ్గర బట్టలు కుట్టించుకునేది కూడా. ఆ పిల్లవాడు పేరు పెట్టి పిలిస్తే తిరగడు, కానీ నా దుకాణం వెనక గదిలో బిస్కెట్టు పొట్లం విప్పితే ముందు గదిలోంచి వచ్చేవాడు. గుండీలన్నీ రంగు ప్రకారం నేల మీద వరుసగా పేర్చేవాడు. ఒకటి కదిపితే గుండె పగిలేలా ఏడ్చేవాడు. కుట్టుమిషను తొక్కితే చెవులు మూసుకునేవాడు. తన చిటికెకు తిరగలేదు కాబట్టి వాడికి చెవుడు అన్నాడు మాటల సారు. అసలే చప్పుళ్లు భరించలేని పిల్లవాడి చెవుల్లో, చప్పుడు పెంచే మిషన్లు పెట్టించాడు. వాడి కేకలు చౌరస్తా దాటి వినిపించేవి. మా సంగతి విన్నాక ఆమె కూడా హైదరాబాదు వెళ్లి వచ్చింది. వాడికి ఆటిజం. ఆ పేరు తెలిశాక ఇంట్లో మిక్సీ వేసే ముందు వాడిని పెరట్లోకి పంపిస్తున్నారు, వాడికి చెప్పాల్సింది బొమ్మలు చూపించి చెబుతున్నారు. వాడు కుదురుగా అన్నం తింటున్నాడు. సరైన పేరు సరైన పిల్లకు అందితే అంత మేలు. మాటల సారు మాత్రం రెండు పేర్లనూ, చీకట్లో చెప్పులు పంచినట్టు, ఎవరి కాలికి ఏది దొరికితే అది తొడిగి పంపాడు.

హైదరాబాదు నుంచి వచ్చాక సుశీల నేరుగా ఆ మెట్లెక్కింది. తిట్టడానికి కాదు. "సార్, ఒక్కపారి మా అత్తకు చెప్పుండ్రి. నా ప్రేమ తక్కువ కాలేదని. మీరు చెప్తె ఇంటది," అని బతిమాలింది.

ఆయన రుమాలు సర్దుకుని అన్నాడు: "వాళ్ల మిషను చెవులు చూసిందమ్మా. మనసు నేను చూసిన."

ఆ మాట సుశీల నాకు చెప్పినప్పుడు నేను జాకెట్టు చేతికి కుట్లు వేస్తున్నాను. ఆ కుట్లు వంకరపోయాయి. నాకు పని దొరికింది.

మరుసటి రోజు నుంచి జాకెట్టు కొలతకు వచ్చిన ప్రతి ఆడమనిషికీ, ఆమె చేతులు పైకెత్తి కదలకుండా నిలబడ్డ సమయంలో, ఒక ముచ్చట చెప్పడం మొదలుపెట్టాను. చిమ్కోడ్ ఊరి ముసలామె ఒకతె మేకపిల్లను శాలువాలో చుట్టి మాటల సారు దగ్గరికి తెచ్చిందట. ఆయన పిల్లల్ని ముట్టుకోడు కదా, శాలువా తీసి చూడలేదు. పిలిచాడు, పలకలేదు. చిటికె వేశాడు, కదల్లేదు. కింద గిర్ని మొదలైంది, మేకపిల్ల ఉలిక్కిపడింది. చెవులు బాగున్నాయి, ఇది ఆటిజం, తల్లి ప్రేమ తక్కువైంది అన్నాడట సారు. "తల్లిని మొన్న సంతల అమ్మినం సార్," అందట ముసలామె.

కొద్ది రోజుల్లోనే హుమ్నాబాద్ నుంచి వచ్చిన ఒక కొత్త మనిషి, జాకెట్టు కొలత ఇస్తూ, ఆ మేకను తాను కళ్లారా చూశానని, దానికి ఒక చెవి నల్లదని నాకే చెప్పింది. నేను చెవుల రంగు ఎవరికీ చెప్పలేదు. ఆటోవాళ్లు ఆయన వెళుతుంటే వెనక నుంచి 'మే, మే' అనడం మొదలుపెట్టారు. తల్లులు మెట్ల కిందే ఆగి, "సార్, ముందుగాల చెవుల పరీక్ష మిషను మీద చేపిస్తరా?" అని అడిగేవారు. బెంచీ ఖాళీ అయింది.

చివరికి, రెండేళ్లు తిరిగేసరికి, ఆయన నా దుకాణానికి వచ్చాడు.

"టైలరమ్మా, ఆ మేక ముచ్చట నువ్వే పుట్టించినవంట."

"మేకలు నేను పుట్టిస్తనా సార్? నేను జాకెట్లు కుడుత."

"నా ఇజ్జత్ పోతాంది."

"ఎటు దిక్కు పోతాంది సార్? మంగళగి దిక్కు పోతె, మా చెల్లె ఇజ్జత్ గూడ ఆడనే పడున్నది. రెండిటిని కలిపి పట్టుకరాండ్రి."

ఆయన తలుపు పట్టుకుని లోపలికి వంగాడు. "ఏం గావాలె నీకు?"

"మా చెల్లె ముంగట, ఆమె అత్త ముంగట, మీ తప్పు మీరు చెప్పుండ్రి. మేకను నేను కట్టేస్త."

సంత రోజు సుశీల వాళ్లంతా బీదరు వచ్చారు. దుకాణంలో నలుగురు ఆడవాళ్లు కొలతలకు కూర్చున్నారు. వాళ్లను నేనే ఉండమన్నాను. మల్లిక అప్పటికే చెవిటి పిల్లల బడిలో చదువుతోంది. చెవులకు మిషన్లు ఉన్నాయి, కానీ అవి ఆలస్యంగా వచ్చాయి. నోటి మాట ముక్కలు ముక్కలుగానే వస్తుంది. చేతులతో మాత్రం ఆ పిల్ల మాట్లాడితే నేను కూడా కథల్లో ఓడిపోతాను.

సారు వచ్చేసరికి స్టూలు మీద బట్టల కుప్ప పెట్టి ఉంచాను. ఆయన రుమాలు చేతిలోనే మిగిలిపోయింది.

"తప్పాయ్తు, క్షమిసి," అన్నాడు కన్నడంలో, గోడ వంక చూస్తూ.

"మీటింగుల మాట్లాడినట్టు మాట్లాడకు సార్," అంది సుశీల.

"మాఫ్ కరో అమ్మా," అన్నాడు, తన పాత మెత్తటి గొంతుతో.

"నన్ను తిట్టింది తెలుగుల. గదే తెలుగుల చెప్పు."

మిషను తొక్కడం నేను ఆపేశాను. ఆయన గొంతు సవరించుకున్నాడు. "నీ ప్రేమ తక్కువ కాదు. నా పరీక్ష తప్పు."

"ఇన్నవా అత్తా?"

"ఇన్న," అంది అత్త, చేతి గాజులు సర్దుకుంటూ. "ఇన్న తియ్యి."

ఆయన చెప్పుల్లో కాళ్లు పెట్టబోయాడు. సుశీల గుమ్మానికి అడ్డం నిలబడింది. "ఆగు సార్. నాకు చెప్పినవ్. పిల్లకు చెప్పలే."

"మల్లికా, సారీ అమ్మా," అన్నాడు గట్టిగా, నోరు పెద్దగా తెరిచి.

"నోటితోటి గాదు. చేతులతోటి."

మా ఇంట్లో దానికి ఒక సైగ ఉంది. చెవి పట్టుకుని, ఆ చేతిని గుండె మీదికి తేవాలి. సుశీల ఒకసారి చేసి చూపించింది. ఆయన నలుగురు ఆడవాళ్ల వంక, అత్త వంక, నా వంక చూశాడు. మేమంతా ఆయన చేతుల వంక చూశాం. రుమాలు జేబులో పెట్టుకుని చెవి పట్టుకున్నాడు. చేతిని గుండె మీదికి తెచ్చాడు.

మల్లిక ఆయనను పైనుంచి కిందిదాకా చూసింది. తల్లివైపు తిరిగి చేతులతో గబగబా ఏదో అంది. సుశీల కూడా చేతులతోనే బదులిచ్చింది. పిల్ల తలూపి, కింద పడ్డ గుడ్డముక్కలు ఏరుకోవడానికి వెళ్లిపోయింది.

"ఏమంటాంది?" అని అడిగాడు సారు.

ఎవరూ చెప్పలేదు. "సూదిల దారం పోయింది సార్, జరంత ఆగుండ్రి," అని నేను తల వంచుకున్నాను.

మేకను కట్టేస్తానన్న మాట మీద నిలబడ్డాను. ఆ తర్వాత మేక ముచ్చట ఎవరికీ చెప్పలేదు. బర్రెదూడ ముచ్చట చెప్పాను. కేంద్రం మూతబడింది. ఆయన మాత్రం ఆ దారినే పోతూ, వస్తూ, నా గుమ్మం ముందు ఆగేవాడు. "ఆనాడు పిల్ల ఏమన్నదమ్మా?" అనేవాడు. నేను మిషను తొక్కడం పెంచేదాన్ని. అది ఏ శాపమో, ఏ తిట్టో అని ఆయన రకరకాలుగా ఊహించుకుని ఉంటాడు. ఆ ఊహలతోనే చిక్కి సగమయ్యాడని నేను అందరికీ చెబుతుంటాను. అందులో కొంత నా చేతిపని ఉండొచ్చు. పోయిన నెలలో కూడా అడిగాడు. గొంతు బాగా తగ్గిపోయింది. అప్పుడూ చెప్పలేదు. తెలియకుండానే పోయాడు.

మల్లిక తిట్టలేదు, శపించలేదు. తల్లిని అడిగింది ఇంతే: "ఈ తాత ఎవరు?"

సుశీల కొంగు నడుముకు బిగించి, రెండు చేతులూ ఆయన ముఖం ముందే ఆడిస్తూ చెప్పింది: "ఎవరో. దారి తప్పి వచ్చిండు."